నూట పదకొండో మన్ను

తలకోన పైదారిలో, ఎర్రచందనం వేరు పక్కన
పెంచలయ్య గునపం మొనతో గీకి ఇచ్చిన మన్ను.
"ఇంతేనా అమ్మా? దీనికా ఇంత దూరం వచ్చింది?" అన్నాడు.
అంత కూడా అక్కర్లేదు, చెంచాడు చాలు.
సంచి మీద రాసుకున్నాను:
నూట పదకొండు. తొంభై మూడు, నవంబరు. తుంపర.

ఆ చెంచాడులోంచి ఒక బూజు లేచింది,
గాజు పళ్లెంలో, మాడిన దోసె అంచులాగా.
ఇద్దరు పరాయి మనుషుల తెల్లకణాల్ని
ఒకే గుంటలో పోస్తే వీధి కుక్కల్లా కలబడతాయి.
దీని రసం ఒక చుక్క వేశాం.
మస్తాను మైక్రోస్కోపు నుంచి తలెత్తకుండానే
"మేడం, పోట్లాట లేదు" అన్నాడు.
చావలేదు. ఊరుకున్నాయి.
చావడానికీ ఊరుకోవడానికీ మధ్య ఉన్న
ఆ సన్నటి సందులోనే నా ఉద్యోగమంతా.

తెల్ల ఎలుక వీపు మీద నల్ల ఎలుక తోలు అతికించాం.
పందొమ్మిది రోజులు నిలిచింది.
తెల్లటి వీపున నల్ల వెంట్రుకలు మొలిచాయి,
నేను వాటిని రోజూ లెక్కపెట్టాను, పిచ్చిదానిలా.
ఇరవయ్యో రోజు ఎలుక చచ్చింది. తోలు భేషుగ్గా ఉంది.
కోసి చూస్తే కిడ్నీలు
ఎండిన చింతకాయలు.
దేన్ని నిలపాలని మందు వెతికానో
దాన్నే తినేసింది నా మందు.

ఎనిమిదేళ్లు ఆ విషాన్ని విరవాలని చూశాను.
తర్వాత ఒక మే నెల, మూడు రోజులు కరెంటు లేదు,
జనరేటరులో డీజిలు లేదు.
ఫ్రీజరు తెరిస్తే నూట పదకొండు నీళ్లయి ఉంది.
మళ్లీ కొండకు పోయాను. మొద్దు మాత్రం మిగిలింది.
"చెట్టు యాడిదమ్మా, రాత్రికి రాత్రి కోసకపోయినారు"
అన్నాడు పెంచలయ్య. మొద్దు చుట్టూ తవ్వుకొచ్చిన మట్టిలో
ఆ బూజు లేదు.

ఆ పైన ఇరవై రెండేళ్లు
ఇంకెవరి దేశపు మన్నులోంచో పుట్టిన మందుల్ని
మనవాళ్ల రక్తంలో కొలిచాను.
ఐదుకు తగ్గితే ఒళ్లు కొత్త కిడ్నీని గుర్తుపడుతుంది.
పన్నెండు దాటితే మందే కొరుకుతుంది.
పుంగనూరు మొదటి బస్సులో దిగేవాళ్లు,
రక్తం ఇచ్చేదాకా మింగకూడని మాత్ర
చొక్కా జేబులో, కాగితం పొట్లంలో.

పీలేరు పిల్ల, రెడ్డిరాణి, పద్నాలుగేళ్లది.
పాత మందుకు నుదుటి మీదా చెంపల మీదా జుట్టు మొలిచింది.
బస్టాండు నిండా నున్నటి గుండ్లు తిరిగే ఈ ఊళ్లో
చున్నీ కప్పుకొని బెంచీ చివర కూర్చునేది.
"ఇదంతా దేవుడికిచ్చేస్తే మళ్లీ రాదా మేడం?"
నేను ఆమెకు అణువు బొమ్మ గీసి చూపించాను.
ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పుత్తూరు లారీ డ్రైవరు చెంగల్రాయుడికి ఒకరోజు పందొమ్మిది వచ్చింది.
"ఏం తిన్నావయ్యా?"
"ఏం తిన్లేదు మేడం. పంపరపనస. మా దేసమ్మ వదిన చెట్టుది."
కిడ్నీ ఇచ్చిందీ ఆ వదినే.
నాక్కూడా ఒక సంచి పంపింది.
ఆ కార్తీకమంతా అందరినీ అదే అడిగాను: పంపరపనస తిన్నావా?
నలభై ముగ్గురి రక్తాలు, నాలుగు పేజీల పేపరు,
అచ్చయింది అదొక్కటే.
ఇప్పుడు మా ఆస్పత్రి చీటీల అడుగున చేత్తో రాస్తారు:
పంపరపనస వద్దు.
పక్కన నా పేరుండదు. అక్కర్లేదు.
అక్కర్లేదని అనుకోవడానికి కొంతకాలం పట్టింది.

మొన్న జూన్లో రిటైరయ్యాను.
వాళ్ల కష్టం నాకూ తెలియాలని ఎప్పుడో ఫోనులో పెట్టుకున్న అలారం
పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి ఇంకా మోగుతోంది.
తీసెయ్యలేదు. మోగితే లేస్తాను.
మింగేదేమీ లేదు కనుక
గ్లాసుడు నీళ్లు తాగి, ఉత్తరపు కిటికీ దగ్గర నిలబడతాను.
కొండదారి దీపాలు. వాటికి ఎడంగా, వెలుగు లేని అడవి.

దేసమ్మ పంపిన కాయ బల్ల మీదుంది.
నాకు ఏ నిషేధమూ లేదు.
మందపాటి తోలు, లోపల తెల్లటి బెండు, ఆ లోపల చేదు పొర.
ఒలుస్తున్నాను.